ఊరుమ్మడి మొక్కల పందిరి: నిధి కూర్చు విధము

విజయవాడ నుండి పామర్రు మీదుగా బందరు పోవువారికి సార్వాకాలమున ఇరుప్రక్కల కనుచూపుమేర వరిచేలే కనుపించును. కృష్ణా డెల్టాలో పచ్చదనమునకు కొరత యేమని వారనుకొందురు. కాని చేని పచ్చదనము వేరు, చెట్టు పచ్చదనము వేరు. కానుగ, నేరేడు, పొగడ, రావి, మద్ది మొదలగు మన నేల చెట్ల నారు కావలెనన్నచో నేడు వెదకవలసి యున్నది. అమ్మకమునకు వచ్చు మొక్కలలో పెక్కు పైదేశముల నుండి వచ్చినవి. తురాయి పుట్టినిల్లు మడగాస్కరు. నిద్రగన్నేరు, సుబాబుల్ అమెరికా ఖండములవి. కాలువలను పూడ్చు గుర్రపుడెక్కయు ఆ ఖండముదే. ఇక సర్కారు తుమ్మకు ఆ పేరెట్లు వచ్చినదో మేము వివరింపనక్కరలేదు.

కావున దేశవాళీ మొక్కలను పెంచుటకు ఊరుమ్మడి పందిరి యొకటి వేసికొనదలచిన గ్రామస్థులు ధనమెట్లు సమకూర్చుకొనవలెను? పామర్రు మండలములోని ఊరొకదానిని మనసులో నుంచుకొని ఆలోచింతము.

చందాల పుస్తకము తెరచుటకు ముందు ఎంత కావలెనో తేల్చుకొనవలెను. గ్రీన్‌హౌస్ అనగానే గాజు గోడలు గల భవనము పలువురి కన్నులకు కట్టును. అది శీతలదేశములలో చలి నుండి మొక్కను కాపాడుటకు పుట్టిన ఏర్పాటు. మనకు చలి శత్రువు కాదు, ఎండయే శత్రువు. మే నెలలో గాలి చొరని కప్పు క్రింద లేమొక్క ఉడికిపోవును. మన చెట్ల నారునకు సగము ఎండను ఆపు నీడవలయో, వెదురుతో నిలిపిన తాటాకు పందిరియో చాలును. కావున ఇందు పెద్ద ఖర్చు కప్పునకు కాదు, నీటికిని మనిషికిని. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. సముద్రము వైపునకు పోయినకొలది బోరునీరు ఉప్పనగును. మంచినీటిని నిలువ చేయు తొట్టి యుండవలెను. దినదినము నీరు పోయు మనిషికి జీతము ముట్టవలెను. పందిరి వేయుట ఒక్కనాటి పని. జీతము ఏటేట వచ్చు ఖర్చు. ఇట్టి ఉమ్మడి పనులు చెడునది సాధారణముగ ఇక్కడనే.

అందుచే నిధిని రెండుగా విభజింపుడని మా సలహా: కట్టుబడి నిధి యొకటి, నడుపుబడి నిధి యొకటి. మొదటిదానికి దూరపు దాతలను అడుగవచ్చును. పామర్రునకు చేరువనున్న కూచిపూడిలో సిలికానాంధ్ర సంస్థ విరాళములతో ఆసుపత్రిని నిర్మించినది. అంతకు ఎంతో ముందు, 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలయు ప్రజల విరాళములపై నిలిచినదే. పెద్ద కంపెనీలు తమ లాభములలో నూటికి 2 వంతులు సమాజహిత కార్యములకు వెచ్చింపవలెనని 2013 కంపెనీల చట్టము విధించినది. ఆ కార్యములలో పర్యావరణ రక్షణయు చేరియున్నది. ఇట్టివారు కంటికి కనబడు కట్టడమునకు సంతోషముగ నిత్తురు, శిలాఫలకమున పేరు చూచుకొందురు. అందు తప్పేమియు లేదు. కాని నీరు పోయువాని జీతమునకు శిలాఫలకము ఉండదు గదా! దానిని ఊరే భరింపవలెను.

దానికి మార్గము మనకు క్రొత్తది కాదు. పూర్వము పంట కళ్ళమునకు వచ్చినప్పుడు కమ్మరికి, కుమ్మరికి, చాకలికి మేర కొలిచిన పిదపనే రైతు గింజలు ఇంటికి చేర్చెడివాడు. ఇప్పుడు కోత యంత్రమునకు పోయినను లెక్క అదియే. 600 ఎకరముల ఆయకట్టున్న ఊరనుకొందము. ఎకరమునకు 2 కిలోల చొప్పున మొక్కల మేర తీసినచో 1,200 కిలోలగును. 75 కిలోల బస్తాలు 16. భూమి లేని కుటుంబములను రూకలడుగుట న్యాయము కాదు. విత్తనములు ఏరుట, సంచులు నింపుట వారి వంతుగ నెంచి, ఆ పనికి చందాదారులతో సమానముగ మొక్కలీయవలెను. మిగిలిన నారును పొరుగూళ్ళ బడులకు, గుడులకు నామమాత్రపు ధరకు అమ్మవచ్చును. పూర్తిగ ఉచితముగ నిచ్చిన మొక్కను నాటువారికన్న గోడప్రక్కన మరచువారే ఎక్కువ యని మా అభిప్రాయము.

ధనము చేరిన పిదప దానికి యజమాని యెవరన్న ప్రశ్న వచ్చును. వ్యక్తి పేర ఖాతా తెరువరాదు. 2001 సంఘముల నమోదు చట్టము క్రింద సంఘము నమోదు చేయించి, ఇద్దరి సంతకములతో బ్యాంకు ఖాతా నడుపవలెను. స్థలము పంచాయతీదైనచో తీర్మానము వ్రాయించుకొనవలెను. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థకును జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండవలెను గనుక, పందిరిని ఆ కమిటీతో కలిపి నడుపుట మేలు. జమాఖర్చులు గ్రామసభలో చదివి, పంచాయతీ గోడపై అంటింపవలెను. రూపాయి ఎక్కడికి పోయినదో తెలిసిన ఊరు రెండవ ఏడు అడుగకయే ఇచ్చును.

చందాలకు అనువైన కాలము సంక్రాంతి. ధాన్యము అమ్మిన డబ్బు చేతిలో నుండును, హైదరాబాదునను విదేశములలోను ఉన్న బిడ్డలు ఇండ్లకు వత్తురు. వేసవి మొదలగులోగా పందిరియు నీటితొట్టియు సిద్ధపడవలెను. ఏలనన కానుగకాయలు వేసవిలోనే ముదురును. వేప, నేరేడు పండ్లు జూన్, జూలై నెలలలో రాలును. వేపగింజకు మొలకెత్తు శక్తి కొన్ని వారములు మాత్రమే యుండును గనుక ఏరిన వెంటనే గుజ్జు కడిగి నాటవలెను. తాటికి మాత్రము ఈ పందిరితో పనిలేదు. టెంకను గట్టున పాతిన చాలును. తేగలకొరకు పాతర వేయు మన పిల్లలకు ఆ విద్య మేము నేర్పనక్కరలేదు.