కోసిన డబ్బు ఎవరి పేరున చేరుతుంది?

వరంగల్ కొత్తవాడ పేరు చెబితే జంపఖానాలు గుర్తుకు వస్తాయి. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకో ఊరి సరుకును ఆ పేరుతో అమ్మకూడదు. నేసిన సరుకుకు గుర్తింపు ఉన్నట్టే, సంపాదించే మనిషికి కూడా ఒక గుర్తింపు నంబరు ఉంది. దాని పేరు పాన్.

పాన్ అంటే పర్మనెంట్ అకౌంట్ నంబరు. దీన్ని ఆదాయపు పన్ను శాఖ ఇస్తుంది. ఒక మనిషికి ఒకటే నంబరు. ఇల్లు మారినా, పెళ్ళయి ఇంటిపేరు మారినా నంబరు మారదు. మీ వాడలో మీ పేరు గలవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఇంటిపేర్లు కూడా కలవవచ్చు. నంబర్లు మాత్రం కలవవు.

"పన్ను కట్టేటంత సంపాదన మనకేది? మనకెందుకు ఈ నంబరు?" అని చాలామంది అంటారు. ఒక లెక్క చూద్దాం.

ఒక అక్క ఇంట్లో మగ్గం ఉందనుకోండి. ఒక కంపెనీ నూలు ఇస్తుంది. అక్క నేసి ఇస్తుంది. ఏడాదికి ఆమెకు రావలసిన కూలి 1,20,000 రూపాయలు. ఇలాంటి పనికి ఏడాదిలో ఇచ్చే డబ్బు లక్ష రూపాయలు దాటితే, కంపెనీ కొంత పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. అక్కకు పాన్ ఉంటే నూటికి 1 రూపాయి కోస్తారు. అంటే 1,200 రూపాయలు. పాన్ ఇవ్వకపోతే నూటికి 20 రూపాయలు కోస్తారు. అంటే 24,000. తేడా 22,800 రూపాయలు. అది ఎన్ని రోజుల కూలి? మీరే లెక్క కట్టండి. 2010 నుంచి ఈ పద్ధతి ఉంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. పాన్ ఉంటే, కోసిన డబ్బు అక్క పేరున జమ అవుతుంది. పన్ను పడేంత ఆదాయం లేకపోతే ఆమె రిటర్ను వేసి ఆ డబ్బు తిరిగి అడగవచ్చు. నంబరే లేకపోతే ఎవరి పేరున జమ చేస్తారు? డబ్బు పోయినా, అది తనదని చూపడానికి ఆధారం ఉండదు.

వదినె: పాన్ తీసుకుంటే పన్ను కట్టాల్నా తమ్మీ?

మరిది: లేదు వదినె. ఆదాయం హద్దు దాటితెనే కట్టాలె. కార్డు ఉన్నంత మాత్రాన పన్ను పడదు.

వదినె: మా నాయిన ఎనుమాముల మార్కెట్ల మిర్చి అమ్ముతడు గదా. ఆయనకో?

మరిది: సొంత పంట మీద వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. కొనే వ్యాపారి సంగతి వేరు. ఆ మిర్చిని వేరే రాష్ట్రంల అమ్మాలంటే ఆయనకు జి.ఎస్.టి. నంబరు కావాలె.

ఈ జి.ఎస్.టి. నంబరును మీరు కూడా చదవవచ్చు. హన్మకొండలో పెద్ద దుకాణంలో ఏదైనా కొంటే బిల్లు పైభాగం చూడండి. అక్షరాలు, అంకెలు కలిపి 15 ఉంటాయి. మొదటి రెండు అంకెలు 36. అది తెలంగాణ గుర్తు. ఆ తర్వాతి పది ఆ వ్యాపారం పాన్. అంటే పాన్ లేనిదే ఆ నంబరు రాదు. 2005లో వ్యాట్ వచ్చినప్పుడు బిల్లుల మీద టిన్ అనే 11 అంకెల నంబరు ఉండేది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక అది పోయింది.

మన రాష్ట్రంలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటిన దుకాణం ఈ నంబరు తీసుకోవాలి. చిన్న కిరాణా కొట్టుకు అక్కరలేదు. అయితే నంబరు లేని దుకాణం మీ దగ్గర జి.ఎస్.టి. వసూలు చేయకూడదు. అడిగితే "మీ నంబరు చూపండి" అనండి. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉంటే, 2020 నుంచి ఈ-పాన్ ఉచితంగా వస్తున్నది. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో తీసుకోవచ్చు. పాత కార్డు ఉన్నవారు దానిని ఆధార్‌తో కలిపారో లేదో చూసుకోవాలి. కలపని కార్డులు 2023 జూలై 1 నుంచి పనిచేయడం లేదు. అప్పుడు కార్డు చేతిలో ఉన్నా 20 రూపాయల కోతే. కార్డు పోయిందని కొత్త నంబరుకు దరఖాస్తు పెట్టకండి. పాత నంబరుతోనే మళ్ళీ కార్డు ఇస్తారు. రెండు నంబర్లు ఉంటే 10,000 రూపాయల జరిమానా పడవచ్చు.

కార్డు జిరాక్సు అడిగిన వాళ్ళకల్లా ఇవ్వకండి. మీ నంబరుతో ఇంకొకరు అప్పు తీసుకోవచ్చు. మీ పేరున వ్యాపారం కూడా తెరవవచ్చు. నోటీసు మీ ఇంటికి వస్తుంది. ఇవ్వక తప్పకపోతే జిరాక్సు మీద ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో రాయండి. తేదీ వేసి సంతకం చేయండి. వేలిముద్ర వేసే రోజుల్లో ఇది మన చేతిలో లేదు. ఇప్పుడు ఉంది.

కార్డు ఉన్నవారు బయటికి తీయండి. నంబరులో మొదట ఐదు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి. నాలుగో అక్షరం "పి" అయితే అది ఒక మనిషి కార్డు. "ఎఫ్" అయితే భాగస్వాముల వ్యాపారం. "సి" అయితే కంపెనీ. ఇప్పుడు బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్ కార్డు పక్కన పెట్టండి. మూడింటిలో మీ పేరు ఒకే తీరుగా ఉందా? అక్షరం అక్షరం చూడండి.