జవాబులు దొరికాక మళ్ళీ వినండి

ఇంటికొచ్చిన చుట్టంతో "భోంచేసి వెళ్ళండి" అంటాం. అది మనస్ఫూర్తిగా అన్నదో, మర్యాదకు అన్నదో గొంతులోనే తెలిసిపోతుంది. ఆయన "ఇప్పుడే తినొచ్చానండీ" అంటాడు. నిజంగానే వద్దంటున్నాడా, ఇంకోసారి అడగమంటున్నాడా అన్నదీ మనకు తెలుసు. ఈ విద్య ఏ పుస్తకమూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ వినీ వినీ అబ్బింది.

ఇంగ్లిష్ దగ్గరికొచ్చేసరికి ఆ చెవిని పక్కన పెట్టేస్తాం. వ్యాకరణం సరిగ్గా ఉంటే చాలనుకుంటాం. బ్రిటన్ భాషాశాస్త్రవేత్త జెన్నీ థామస్ 1983లోనే ఒక వ్యాసంలో దీని గురించి హెచ్చరించారు. వ్యాకరణం తప్పితే 'పాపం, ఇంకా నేర్చుకుంటున్నాడు' అని సర్దుకుపోతారు. వ్యాకరణం బ్రహ్మాండంగా ఉండి మాటతీరు పొసగకపోతే మాత్రం భాష రాదనుకోరు, మనిషికే మర్యాద తెలియదనుకుంటారు. అంటే ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకే ఈ ముప్పు ఎక్కువ!

ఆఫీసు కాల్‌లో అవతలి మేనేజర్ "యూ మైట్ వాంట్ టు లుక్ ఎట్ దిస్ అగైన్" అంటాడు. చూస్తే చూడొచ్చు, లేకుంటే లేదని మనవాడు ఊరుకుంటాడు. నిజానికి చాలాసార్లు అది మెత్తగా చెప్పిన ఆజ్ఞ. ఇటు మనవాడేమో "ప్లీజ్ సెండ్ ది ఫైల్ టుడే" అని ఎంతో వినయంగా అడిగాననుకుంటాడు. ఆజ్ఞకు ప్లీజ్ తగిలించినా అది ఆజ్ఞే.

దీనికి వేరే కోచింగ్ అక్కర్లేదు. మొదలుపెట్టడానికి పాఠ్యపుస్తకాలతో వచ్చే ఆడియోలు చాలు, వినే పద్ధతి మారితే. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలోని లిజనింగే తీసుకోండి. సుమారు 30 నిమిషాలు, 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే. అందుకే అందరూ తేదీలు, పేర్లు, ఫోన్ నంబర్ల కోసం చెవులు రిక్కిస్తారు. పరీక్షకు అదే సరైనది. ఇంట్లో మాత్రం జవాబులు సరిచూసుకున్నాకే అసలు వినికిడి మొదలుకావాలి.

ఆ లిజనింగ్ మూడో భాగంలో చదువుకు సంబంధించిన చర్చ వస్తుంది. ఒకరి ఆలోచన ఇంకొకరికి నచ్చనప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. సూటిగా "నో" అనడం అరుదు. ముందు చిన్న విరామం, తర్వాత ఒక "వెల్...", కాస్త మెచ్చుకోలు, ఆ వెనక "బట్", చివర్లో కారణం. చెవి అలవాటు పడితే ఆ విరామం దగ్గరే సంగతి తెలిసిపోతుంది. "ఐ సపోజ్ సో" అని సాగదీశారంటే అది సగం ఒప్పుకోలు మాత్రమే.

సరిగ్గా అవతలివాళ్ళు బదులివ్వబోయే చోట ఆడియో ఆపేయండి. మీరైతే ఏమంటారో పైకి అనండి. తర్వాత అసలుది విని పోల్చుకోండి. మీది మొహం మీద కొట్టినట్టుందా? మళ్ళీ అనండి. ఎదుట ఉన్నది రూమ్మేట్ అయితే ఒకలా, ప్రొఫెసర్ అయితే ఇంకోలా.

అయితే పాఠం కోసం రాసి చదివించిన సంభాషణలు చాలావరకు మరీ కడిగిన ముత్యాల్లా ఉంటాయి. ఒకరి మాటకు ఒకరు అడ్డురారు, అడిగిన సాయం అడిగిందే తడవుగా దొరుకుతుంది. అలాంటి ఆఫీసు నాకైతే ఎక్కడా కనిపించలేదు! కాబట్టి ఇంటర్వ్యూలు, పాడ్‌కాస్టులు కూడా వినండి. వాటిలో మాట్లాడేవాళ్ళ యాస అరువు తెచ్చుకోనక్కర్లేదు. వాళ్ళ మాట వెనక ఉన్నది పట్టుకోగలిగితే చాలు, ఎలా బదులివ్వాలన్నది మీ ఇష్టం.

ఇంగ్లిష్ టీచర్లకూ ఒక విన్నపం. లిజనింగ్ పాఠం కాగానే ఖాళీలు పూరించడంతో సరిపెట్టకండి. "ఆమె ఆ మాట అలా ఎందుకంది?" అని పిల్లల్ని అడగండి. జవాబు తెలుగులో చెప్పినా మార్కులేయండి.