ఫ్రిజ్‌కి లొంగని క్రిమి

మిగిలిన కూరో, కోసిన పండు ముక్కలో మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోసేస్తే ఇక భయం లేదనుకుంటాం. లిస్టీరియా అనే బాక్టీరియా దగ్గర ఆ ధీమా చెల్లదు. అది చలిలోనూ మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ముక్కుతో పట్టేద్దామంటే, అది చేరిన తిండికి వాసన రాదు, రంగూ మారదు.

2011లో అమెరికాలోని కొలరాడోలో ఉన్న ఒకే తోట నుంచి వచ్చిన, ఈ క్రిమి అంటిన కర్బూజాలు తిని 28 రాష్ట్రాల్లో 147 మంది జబ్బుపడ్డారు. 33 మంది చనిపోయారు. జబ్బుపడినవాళ్లలో దాదాపు సగం మంది 78 ఏళ్లు పైబడినవాళ్లు.

ఆరోగ్యవంతులకు ఇది చాలాసార్లు విరేచనాలతో సరిపోతుంది. 65 దాటినవాళ్లకు, కీమోథెరపీ లేదా డయాలిసిస్ చేయించుకుంటున్నవాళ్లకు అలా కాదు, రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకవచ్చు. గర్భిణి సంగతి మరీ అన్యాయం. ఆమెకు వచ్చేది కాస్త జ్వరం, ఒళ్లునొప్పులు. దెబ్బ మాత్రం బిడ్డకు: గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, పుట్టగానే ప్రాణాపాయం.

చేయవలసినవి

పాలు పొంగించి తాగే మన ఇళ్ల అలవాటును ఏ దేశంలో ఉన్నా మానకండి.

కర్బూజాను కోయకముందే పంపు కింద బ్రష్‌తో రుద్ది కడిగి, తుడవండి. గరుకు తొక్క మీది క్రిమిని గుజ్జులోకి చేరవేసేది కత్తే.

అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే అమ్మలకు ఒక మాట. ఆదివారం వండి శనివారం దాకా లాగే పద్ధతి ఆ ఇంట్లో కొన్నాళ్లు ఆపించండి. ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసి, వండినవి మూడు, నాలుగు రోజుల్లో తినేయండి. వేడి చేస్తే పొగలు కక్కాలి. మైక్రోవేవ్‌లో అంచులు కాలి మధ్యలో చల్లగా ఉండిపోతుంది, ఒకసారి కలిపి మళ్లీ పెట్టండి.

చేయకూడనివి

పచ్చిపాలు, వాటితో చేసిన మెత్తని చీజ్ వద్దు. ప్యాకెట్లోంచి తీసి చల్లగానే తినే మాంసం ముక్కలు, హాట్‌డాగ్‌లు కూడా వేడి చేయకుండా వద్దు.

బలమని గర్భిణికి పచ్చి మొలకలు పెట్టకండి. పెసలు మంచివే, తాలింపులో వేసి బాగా మగ్గించి పెట్టండి.

గర్భిణికి జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి ఊరుకోకండి. క్రిమి ఉన్న తిండి తిన్న పది వారాలకు కూడా ఈ జబ్బు బయటపడవచ్చు కనుక నిన్నటి భోజనం ఒక్కటే గుర్తు చేసుకుంటే చాలదు. తిన్నవన్నీ డాక్టరుకు చెప్పండి. రక్తపరీక్షలో తేలుతుంది, యాంటీబయాటిక్‌లకు తగ్గుతుంది.

కంపెనీ వెనక్కి పిలిచిన సరుకు డీప్ ఫ్రీజర్‌లో ఉంటే, గడ్డకట్టింది కదా అని దాచుకోకండి. గడ్డకట్టినా ఈ క్రిమి చావదు. పారేసి, అది పెట్టిన అరను సబ్బునీళ్లతో కడగండి. ఈపాటికే తినేసి ఉండి, ఒంట్లో ఏ తేడా లేకపోతే పరీక్షలకు పరుగెత్తక్కర్లేదు. పది వారాలు జ్వరం మీద కన్నేసి ఉంచితే చాలు.