నోటి హామీ, కాగితపు హామీ

చదువవలసిన భాగములు: యిర్మీయా 32:6–14, యెహోషువ 9:3–21



ఈ మాసపు పాఠమునకు మేము బండి కొనుటను గూర్చిన సంగతి నెన్నుకొంటిమి. ఇది లౌకికమైన సంగతి, సంఘపత్రికలో దీనికేమి పని యని కొందరడుగవచ్చును. మన కళింగపట్నపు రేవు వీధులలోను, గార మండలపు పల్లెలలోను మోటారు సైకిలుమీద చేపలు తీసికొనిపోవువారు, ఆటో తోలి కుటుంబమును పోషించువారు మన సంఘములలోనే యున్నారు. వారు కష్టార్జితముతో బండి కొనబోయినప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ, అనగా పొడిగించిన వారంటీ, అను ఒక కాగితము వారియెదుట పెట్టబడుచున్నది. సంతకము చేసినవారు అనేకులు. చదివినవారు బహు కొద్దిమంది. కావున దీనిని గూర్చి వ్రాయుట మా పనియేయని తలంచుచున్నాము.

మొదట మాటకు అర్థము తెలిసికొందము. వారంటీ అనగా బండి చేసిన కంపెనీ తానే యిచ్చు హామీ. ఇన్ని సంవత్సరములలోగాని, ఇన్ని కిలోమీటర్లు తిరుగులోగాని, తయారీ లోపమువలన ఏదైన భాగము చెడినయెడల ఉచితముగా బాగుచేసి యిత్తుమని దాని భావము. దీని వెల బండి వెలలోనే కలిసియున్నది. పొడిగించిన వారంటీ అట్టిది కాదు. అది వేరుగా డబ్బు చెల్లించి కొనుక్కొను సరకు. మొదటి వారంటీ ముగిసిన దినమునుండియే అది సాధారణముగా మొదలగును. అనగా మనము నేడు డబ్బిచ్చుచున్నాము. దానివలని సహాయము రెండు మూడేండ్లు గడచినగాని ఆరంభము కాదు. ఈలోగా బండి అమ్మివేసినను, ఆ కాగితము క్రొత్త యజమానికి చెల్లవలెనంటే దానికిని వేరుగా షరతులుండును.

అమెరికా దేశపు అధికారులు ఈ భేదమును స్పష్టముగా చెప్పుదురు. వెలలో కలిసివచ్చునదే వారంటీ. వేరుగా కొనునది సేవా ఒప్పందము మాత్రమే, దానిని వారంటీ అని పిలిచినను అది వారంటీ కాదు అని వారు వినియోగదారులకు నేర్పుచున్నారు. ఈ ఒక్క సంగతి మన యువకులకు తెలిసినయెడల సగము పని అయినట్లే.

ఇక ఆ కాగితములో ఏమున్నది? అమ్మువాడు ఏవేవి వర్తించునో చదివి వినిపించును. అది ఒక పుట. తరువాతి పుటలలో, సన్నని అక్షరములలో, ఏవి వర్తించవో వ్రాయబడియుండును. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, బల్బులు, రబ్బరు భాగములు, అనగా వాడుటవలన అరిగిపోవునవి, సాధారణముగా వర్తించవు. అయితే ఆటో తోలువానికి ముందుగా ఖర్చు తెచ్చునవి ఇవే గదా! ప్రమాదమువలని నష్టము వర్తించదు. వరదనీటివలని నష్టము వర్తించదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లాలో పలాస దగ్గర తీరము దాటినప్పటి నష్టము మనము మరువలేదు. అట్టి తుపానులో నీట మునిగిన బండికి ఈ వారంటీ కాగితము ఎంతమాత్రమును పనికిరాదు. అది భీమా పని. తుప్పును గూర్చి వేరుగా చెప్పవలెనా? వంశధార సముద్రములో కలియు ఈ చోట, ఉప్పుగాలి ఇనుమును ఎట్లు తినివేయునో పడవవారికంటె ఎవరికి బాగుగా తెలియును? ఆ తుప్పును కూడ అనేక కాగితములు మినహాయించును.

మరియొక షరతు గలదు. ప్రతి సర్వీసును చెప్పిన గడువులోనే, కంపెనీ ఒప్పుకొనిన వర్కుషాపులోనే చేయించి, బిల్లులు దాచవలెను. వర్కుషాపు శ్రీకాకుళములో నున్నది. పనిమాని అక్కడికి పోయినయెడల ఒక దినపు కూలి పోవును. కనుక మనవాడు ఊరి మెకానిక్కునొద్దనే ఆయిలు మార్పించుకొనును. అది తప్పు పని కాదు, మంచి మెకానిక్కులు మనకున్నారు. గాని ఆ దినముననే ఆ కాగితము చెల్లకుండ పోవచ్చును, ఆ సంగతి అతనికి తెలియదు. నాలుగేండ్ల తరువాత ఇంజను చెడినప్పుడు కౌంటరునొద్ద నిలువబడి తెలిసికొనును.

ఇట్టి కాగితములన్నియు మోసమని మేము చెప్పుట లేదు. ఖరీదైన కారు కొని, దూరప్రయాణములు చేసి, సర్వీసులన్నియు తప్పక చేయించువానికి లాభము కలుగవచ్చును. ఆ కాగితమును అమ్ము తీరులోనే మోసమున్నది.

ఒక సహోదరుడు బండికి అప్పు తీసికొనుచున్నాడనుకొందము. "భీమాతోపాటు ఇదియు తప్పనిసరి" యని అతనితో చెప్పుదురు. భీమా మాట నిజమే. సుప్రీము కోర్టు ఆజ్ఞ ననుసరించి 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్ర వాహనమునకు అయిదేండ్ల, క్రొత్త కారుకు మూడేండ్ల మూడవపక్షపు భీమా ముందుగానే తీసికొనవలెను. అయితే పొడిగించిన వారంటీని తప్పనిసరి చేసిన చట్టమేదియు లేదు. నిజమైన మాట ప్రక్కను అబద్ధమును కూర్చుండబెట్టినయెడల అబద్ధము కూడ మర్యాదస్థురాలివలె కనబడును. తరువాత ఆ సొమ్మును అప్పులో కలిపివేయుదురు. వారంటీకి 6,000 రూపాయలనుకొనుడి. నూటికి ఏటా 12 చొప్పున, అసలు మొత్తముమీదనే మూడేండ్లు వడ్డీ కట్టునట్టి అప్పయినయెడల, 2,160 వడ్డీతో అది 8,160 రూపాయలగును. నెలవాయిదాలో అది రెండు వందల చిల్లర మాత్రమే పెరిగినట్లుండును గనుక ఎవరును ప్రశ్నింపరు.

ఫోనులో వస్తువులు తెప్పించుకొను మన యువజనులకును ఈ మాట వర్తించును. కొనని రక్షణ పథకమును బుట్టలో తామే చేర్చుట, ఇప్పుడే కొనకపోతే అవకాశము పోవునని తొందరపెట్టుట మొదలగు 13 వంచన పద్ధతులను మన దేశపు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకములిచ్చి నిషేధించెను.

ఈ వంచన ఎంత పెద్ద వ్యాపారము కాగలదో అమెరికాలో కనబడినది. చదువుకును ఉద్యోగమునకును అక్కడికి వెళ్లిన తెలుగు పిల్లలనేకులు మొదట పాత కారు కొనుక్కొందురు; గనుక అక్కడి సంగతి ఇక్కడి తలిదండ్రులకును కావలసినదే. ఆ దేశములో కోట్లమందికి, "మీ కారు వారంటీని గూర్చి మిమ్మును కలిసికొనుటకు ప్రయత్నించుచున్నాము" అను భావముతో యంత్రపు గొంతుతో ఫోనులు వచ్చెను. కారు లేనివారికిని వచ్చెను. కాక్స్, జోన్స్ అను ఇద్దరి ఆధ్వర్యమున నడచిన ఒక గుంపు 2018 మొదలుకొని 800 కోట్లకు పైగా ఇట్టి పిలుపులు పంపెనని ఆ దేశపు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను తేల్చెను. 2021లో మూడు నెలలలోనే 500 కోట్లకు పైగా పిలుపులు 50 కోట్లకు పైగా నంబర్లకు పోయెను. ఆ ఇద్దరును ఇట్టి ఫోను వ్యాపారము జీవితాంతము చేయరాదని అంతకుముందే నిషేధింపబడినవారు! కమిషను 2022 జూలైలో ఆ పిలుపులను మోయరాదని టెలిఫోను కంపెనీలకు ఆజ్ఞాపించి, 2023 ఆగస్టులో 29,99,97,000 డాలర్ల జుల్మానా విధించెను. అంతవరకు ఆ కమిషను విధించిన జుల్మానాలలో అదియే పెద్దది.

పిలిచినవాడు తాను కారు కంపెనీవాడనని నేరుగా చెప్పనక్కర లేదు. వినువాడు అట్లు తలంచునట్లు మాటలాడిన చాలును. ఇచ్చట యెహోషువ 9వ అధ్యాయము చదువుడి. గిబియోనువారు పాత గోతములు, చినిగిన తిత్తులు, మాసికల చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు తెచ్చి తాము దూరదేశస్థులమని నమ్మించిరి. ఇశ్రాయేలీయులు రొట్టెలను పరీక్షించిరి గాని, వచ్చినవారెవరో విచారింపలేదు. ఆ ప్రజలు పొరుగువారేయని మూడు దినములకు తెలిసెను. అప్పటికి ప్రమాణము అయిపోయినది. మన ఫోను వేషధారులకు చెప్పులు, గోతములు అక్కర లేదు; మీ బండి నంబరు చాలును. ఆ నంబరు తెలిసినవానికి బండి ఏ రకమో, ఎప్పుడు రిజిస్టరైనదో, భీమా ఎప్పటివరకున్నదో ప్రభుత్వపు వాహన సేవలలోనే చూచుకొనుట సాధ్యము. కాబట్టి అవన్నియు తప్పులేకుండ చెప్పినంతమాత్రమున అతడు కంపెనీవాడని నమ్మనక్కర లేదు. ఫోను పెట్టివేసి, బండి కాగితములలోనున్న నంబరుకు మీరే ఫోను చేయుడి.

చాటుననుండి పిలుచువారు మాత్రమే కాదు, బహిరంగముగా ప్రకటించువారును గలరు. కార్‌షీల్డ్ అను అమెరికా కంపెనీ ప్రసిద్ధులైన నటులచేతను క్రీడా వ్యాఖ్యాతలచేతను టెలివిజనులో ప్రకటనలిప్పించెను. మరమ్మతులన్నియు గాని, ప్రకటించిన భాగముల మరమ్మతులు గాని తప్పక వర్తించునని, నచ్చిన వర్కుషాపునకు పోవచ్చునని జనులు నమ్మునట్లు చేసిరని ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆరోపించెను. నెలకు 80 మొదలు 120 డాలర్ల వరకు కట్టినవారిలో అనేకులు బండి చెడినప్పుడు తమ మరమ్మతు వర్తించదని తెలిసికొనిరి. 2024 జూలైలో ఆ కంపెనీ కోటి డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని వ్యవహారమును పరిష్కరించుకొనెను. ప్రసిద్ధుని ముఖము చూచి సంతకము చేయు అలవాటు మన దేశములోను తక్కువ కాదు.

ఇప్పుడు యిర్మీయాయొద్దకు వత్తము. అతడు చెరసాల ప్రాకారములో నున్నాడు. బబులోను సేన పట్టణమును ముట్టడించియున్నది. అట్టి సమయమున బంధువైన హనమేలు అనాతోతులోని పొలమును అమ్మవచ్చెను. దేవుని మాటను బట్టి యిర్మీయా కొనెను. గాని ఎట్లు కొనెనో చూడుడి. వెండిని తూచి యిచ్చెను. పత్రము వ్రాయించెను. సాక్షులను పెట్టెను. షరతులతో కూడిన పత్రమునకు ముద్రవేసిన ప్రతి యొకటి, ఎవరైన విప్పి చూచుకొనదగిన ప్రతి యొకటి, రెండును ఉంచెను. అందరియెదుట బారూకుచేతికిచ్చి, బహుకాలము నిలుచునట్లు మంటికుండలో పెట్టుమనెను. అమ్మువాడు పినతండ్రి కుమారుడే! ఆజ్ఞయో దేవునిది! అయినను పత్రము, సాక్షి, తూకము ఈ మూటిలో ఒక్కటియు విడువలేదు. నమ్మకమున్నచోట కాగితమడుగుట అవమానమని మన పల్లెలలో ఒక తలంపు గలదు. ఈ అధ్యాయము ఆ తలంపును ఒప్పుకొనదు.

మనకును ఆ పత్రమడుగు హక్కున్నది. అమ్మకపు ముసాయిదా కాదు, షరతులన్నియుగల పూర్తి పత్రము అడుగుడి. "తరువాత పోస్టులో వచ్చును" అన్నయెడల సంతకమును కూడ తరువాతనే చేయుదుమనుడి. హామీ ఇచ్చునది బండి కంపెనీయా, డీలరా, వేరొక కంపెనీయా అని అడుగుడి. డీలరు దుకాణము మూసివేసినయెడల ఎవరు చెల్లింతురని అడుగుడి. ఇంగ్లీషు రాదని సిగ్గుపడవలదు. ఇంట చదువుచున్న పిల్లలచేత ఏవి వర్తించవో ఆ పుట మాత్రము చదివించుకొనుడి.

ఇప్పటికే మోసపోయినవారు ఊరకుండనక్కర లేదు. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము, నెరవేర్చు ఉద్దేశ్యముగాని అవకాశముగాని లేని హామీని, జనులను తప్పుదారి పట్టించు వారంటీని అన్యాయపు వ్యాపార పద్ధతిగా ఎంచుచున్నది. బిల్లు ఇయ్యకపోవుటయు అట్టిదే. మొదట అమ్మినవానికి వ్రాతమూలముగా తెలుపుడి. జవాబు రానియెడల 1915 అను జాతీయ వినియోగదారుల నంబరుకు ఫోను చేయవచ్చును. శ్రీకాకుళములో జిల్లా వినియోగదారుల కమిషను గలదు. బండి ఎక్కడ కొనినను మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయుటకు చట్టమొప్పుచున్నది. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనియెడల ఫీజు లేదు, వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. వ్యవహారము కలిగిన రెండేండ్లలోపల వేయవలెను. ఫోనులో వంచించి డబ్బు లాగుకొనినయెడల ఆలస్యము చేయక 1930కు తెలుపవలెను. గంటలు గడచినకొలది ఆ సొమ్ము దొరకుట కష్టమగును.

బండి కొనదలచినవారు షోరూములో ఇచ్చిన కాగితములను ఆదివారము ఆరాధన తరువాత తెచ్చినయెడల, మేమును సంఘపు పెద్దలును కూర్చుండి చదివి చెప్పుదుము. సంతకమునకు ముందు తెండి.