ఆకులో మాంగనీసు, చెరువులో గోగు

ప్రశ్న: డిగ్రీలో జీవశాస్త్రం తీసుకున్నవారికి తొలి పాఠాల్లోనే పరమాణువులు, బంధాలు, ఎలక్ట్రాన్లు ఎదురవుతున్నాయి. జీవశాస్త్రానికి ఇంత రసాయనశాస్త్రం అవసరమా?
– బీఎస్సీ విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: అవసరమే. గరివిడి, కోడూరు ప్రాంతాల్లో 19వ శతాబ్దం చివరి నుంచి తవ్వుతున్న మాంగనీసు ఉక్కు తయారీకి పోతుందని చీపురుపల్లిలో చాలామందికి తెలుసు గానీ, అదే లోహం రవ్వంత పాళ్లలో ప్రతి పచ్చని ఆకులోనూ ఉందనీ, అది లేకపోతే మనుషులు పీల్చే ఆక్సిజన్ వెలువడదనీ తెలిసినవారు తక్కువ. కిరణజన్య సంయోగక్రియలో, అంటే సూర్యకాంతి శక్తితో మొక్క నీటినీ కార్బన్ డయాక్సైడునూ వాడుకొని చక్కెర తయారుచేసుకునే ప్రక్రియలో, ఆక్సిజన్ వచ్చేది నీటి నుంచే. ఆ నీటిని చీల్చే ప్రోటీన్ల సముదాయం నడుమ నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు ఆక్సిజన్ పరమాణువులతో ముడిపడి ఉంటాయి. ఈ గుంపు కాంతి ప్రభావంతో ఒక్కొక్క ఎలక్ట్రానును కోల్పోతూ, నాలుగు పోయాక ఆ లోటును రెండు నీటి అణువుల నుంచి పూడ్చుకుంటుంది. అప్పుడే ఒక ఆక్సిజన్ అణువు విడుదలవుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు దీని నిర్మాణాన్ని పరమాణు స్థాయిలో స్పష్టంగా చూపింది 2011లో మాత్రమే. ఎలక్ట్రాన్ల పాఠాన్ని దాటవేస్తే ఈ లెక్క బట్టీ పట్టడమే తప్ప బోధపడేది కాదు. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు కూడా కణశక్తికి మూలమైన ఏటీపీ దాకా వెళ్లింది, సహ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే రసాయన పద్ధతి మీదుగానే.

ప్రశ్న: వృక్షశాస్త్రం మేజరుగా తీసుకుంటే జంతువుల పాఠాలెందుకు?
– ఒక పాఠకుడు, గుర్ల

జవాబు: కణం, జన్యువు, ఎంజైము రెండింటికీ ఉమ్మడివే కనుక. మేజరు ఏదైనా పునాది ఒకటే.

ప్రశ్న: ల్యాబులో స్లైడ్లు తక్కువ. కణజాలాల పాఠం ఎలా అర్థం చేసుకోవాలి?
– డిగ్రీ విద్యార్థి, రాజాం

జవాబు: విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగు పండే ఊరి విద్యార్థికి కొన్న స్లైడ్లతో పెద్దగా పనిలేదు. లేత గోగు కాండాన్ని బ్లేడుతో అడ్డంగా, వీలైనంత పలుచగా కోసి, సాఫ్రనిన్ అనే ఎర్రరంగు వేసి కడిగి మైక్రోస్కోపు కింద పెడితే, ఆకులో తయారైన ఆహారాన్ని మోసే పోషక కణజాలంలో మందమైన గోడలున్న నారకణాలు గుంపులుగా కనిపిస్తాయి. గోగునార అంటే అవే. కోసిన కట్టలను చెరువులో ఊరవేసినప్పుడు బాక్టీరియా తమ ఎంజైములతో, కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని ముందుగా కరిగిస్తాయి. సెల్యులోజుతో గట్టిపడిన నార అంత త్వరగా లొంగదు, కానీ ఊరడం మితిమీరితే అదీ బలహీనపడుతుంది. అందుకే రైతు మధ్యమధ్య ఒక కాడను లాగి, మొదలు దగ్గర బెరడు పుల్లను వదిలి జారుతోందా లేదా అని చూస్తాడు. ఏ పరీక్షకూ తీసిపోని ప్రయోగమిది. ఆ నీటి దుర్వాసనకు ముఖ్యకారణం, ఆక్సిజన్ లేనిచోట బతికే బాక్టీరియా వదిలే బ్యుటిరిక్ ఆమ్లం వంటి పదార్థాలు. కిణ్వనం, అంటే ఆక్సిజన్ లేకుండా చక్కెరలను విడగొట్టి శక్తి పొందే పద్ధతి, చదవడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. రికార్డులో బొమ్మను మాత్రం పుస్తకం చూసి కాక స్లైడు చూసే గీయాలి. నారకణాల గుంపులు అచ్చుబొమ్మలో ఉన్నంత సమానంగా కాండంలో ఉండవు.