జర్మనీలో కొత్త ఇల్లు: నెట్ ఎక్కడ ఆగింది?

జర్మనీలో ఇల్లు దొరికి, అడ్రస్ రిజిస్ట్రేషన్ పూర్తయి, బ్యాంకు ఖాతా తెరిచాక మిగిలే పెద్ద పని ఇంటర్నెట్. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫైబర్‌కు అలవాటు పడి వచ్చినవాళ్లకు, ఇక్కడ చాలా ఇళ్లకు ఇంకా టెలిఫోన్ రాగి తీగ మీదే డీఎస్ఎల్ వస్తోందంటే వింతగానే ఉంటుంది. నెట్ రాకపోతే చాలామంది చెయ్యి ముందు రీసెట్ బటన్ మీదికే పోతుంది. అది ఆఖరున చేయాల్సిన పని. గోడ నుంచి మోడెమ్‌కు, మోడెమ్ నుంచి రూటర్‌కు, రూటర్ నుంచి మీ ఫోన్‌కు: ఈ మూడింట్లో నెట్ ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి. ఆ తర్వాతే ఏదైనా మార్చండి.

ముందు పోస్టు డబ్బా

లాగిన్ వివరాలు చాలా కంపెనీలు పోస్టులో పంపుతాయి. డబ్బా మీద మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. టెక్నీషియన్ కూడా కాలింగ్ బెల్ పక్కన పేరు చూసే నొక్కుతాడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే ఇంట్లో కనెక్షన్ ఎవరి పేరు మీద తీసుకున్నారో ఆ పేరు రెండు చోట్లా ఉండాలి. కాగితం మీద రాసి టేపుతో అంటించినా సరే.

గోడ దగ్గర

ఇక్కడి టెలిఫోన్ సాకెట్‌ను టీఏఈ అంటారు. సాధారణంగా మూడు గాళ్లు పక్కపక్కనే ఉంటాయి. డీఎస్ఎల్ వైరు మధ్యలో ఉన్న 'ఎఫ్' గాడిలోకి వెళ్లాలి. అటూ ఇటూ ఉన్న 'ఎన్' గాళ్లు పాత ఫ్యాక్స్ మిషన్లు, ఆన్సరింగ్ మిషన్ల కోసం పెట్టినవి. ఇంట్లో రెండు మూడు సాకెట్లు ఉంటే బయటి లైను నేరుగా చేరే మొదటి సాకెట్‌నే వాడండి. పాత అద్దెదారు స్ప్లిటర్ అనే చిన్న పెట్టె వదిలి వెళ్లి ఉంటే తీసి పక్కన పెట్టండి. ఇప్పటి కనెక్షన్లకు దాని అవసరం లేదు.

ఇప్పుడు మోడెమ్ మీద డీఎస్ఎల్ లైటు చూడండి. మినుకుమినుకుమంటుంటే లైను ఇంకా కలవలేదని అర్థం. కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి. మాటిమాటికీ ప్లగ్గు పీకి పెడుతుంటే లైనుకు నిలకడ లేదనుకుని అవతలి యంత్రం వేగం తగ్గించే అవకాశం ఉంది. లైటు నిలకడగా వెలిగితే గోడ వరకు అంతా బాగున్నట్టే.

మన దేశం నుంచి తెచ్చిన రూటర్

సూట్‌కేసులో వచ్చే రూటర్లలో చాలావాటికి వ్యాన్ పోర్టు మాత్రమే ఉంటుంది, లోపల డీఎస్ఎల్ మోడెమ్ ఉండదు. గోడ వైరు ప్లగ్గు ఆ పోర్టులో చక్కగా పడుతుంది, అయినా పని చేయదు. దానికి ముందు విడిగా మోడెమ్ కావాలి. ఒకవేళ పాత ఏడీఎస్ఎల్ మోడెమ్ ఉన్న రూటరే తెచ్చినా, మన దేశంలో వాడే 'అనెక్స్ ఏ' పద్ధతి వేరు, ఇక్కడి 'అనెక్స్ బీ', 'అనెక్స్ జే' వేరు. దాంతో తంటాలు పడడం దండగ.

సొంత రూటర్ వాడుకునే హక్కు మాత్రం మీకుంది. 2016 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం కంపెనీ తన పెట్టెనే వాడాలని పట్టుబట్టకూడదు, లాగిన్ వివరాలు ఇచ్చి తీరాలి.

మోడెమ్ వెలుగుతోంది, రూటర్ కలవడం లేదు

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మోడెమ్ ల్యాన్ పోర్టు నుంచి వచ్చే వైరు రూటర్ వ్యాన్ పోర్టులోనే ఉందా? పోర్టు పక్కన లైటు వెలుగుతోందా? లేకపోతే వైరు మార్చి చూడండి. ముందు మోడెమ్, అది కుదురుకున్నాక రూటర్ ఆన్ చేయండి.

వైరు బాగుంటే రూటర్ సెట్టింగ్స్ తెరవండి. ఐపీ అడ్రస్ ఉండాల్సిన చోట 0.0.0.0 అని కనిపిస్తే రూటర్ ఇంకా లాగిన్ కాలేదు. కొత్త రూటర్లు చాలావరకు 'డైనమిక్ ఐపీ' మీద ఉంటాయి. మోడెమ్ బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటే రూటర్‌ను 'పీపీపీఓఈ'కి మార్చి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. డాయిచ టెలికోమ్ లైన్లలో వీల్యాన్ 7 కూడా పెట్టాలి. ఈ వీల్యాన్ పని మోడెమ్, రూటర్ రెండింట్లో ఒక్కటే చేయాలి, రెండూ చేస్తే కలవదు.

టెలికోమ్ యూజర్‌నేమ్ చాంతాడంత ఉంటుంది. ఉత్తరంలో ఉన్న అన్‌ష్లుస్‌కెన్నుంగ్ అంకెలు, వెంటనే త్సుగాంగ్స్‌నుమ్మర్, తర్వాత హ్యాష్ గుర్తు, 0001, చివర 'ఎట్ టీ-ఆన్‌లైన్ డాట్ డీఈ'. మధ్యలో ఖాళీ ఉండకూడదు.

మోడెమ్ అనుకున్నది ఫ్రిట్జ్‌బాక్స్ లాంటి పూర్తి రూటర్ అయితే లాగిన్ అదే చూసుకుంటుంది. అప్పుడు మీ రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే చాలు. అలా కాక రూటర్ మోడ్‌లోనే ఉంచితే, రెండు పెట్టెలూ 192.168.1.1 అనే అడ్రస్ మీదే ఉన్నప్పుడు మాత్రం తగువు తప్పదు, రూటర్‌ది 192.168.5.1కి మార్చండి. ఐపీ వచ్చినా కొన్ని సైట్లు తెరుచుకోకపోతే ఎంటీయూ 1492 ఉందో లేదో చూడండి.

కంపెనీకి ఎప్పుడు ఫోన్ చేయాలి?

మొదటి సాకెట్‌లో పెట్టినా డీఎస్ఎల్ లైటు నిలవకపోతే తప్పు మీ ఇంట్లో ఉండే అవకాశం తక్కువ. 'కైన్ డీఎస్ఎల్ జిగ్నాల్' అని చెప్పండి, సిగ్నల్ లేదని వాళ్లకు అర్థమవుతుంది. ఫిర్యాదు నంబరు, తేదీ రాసి పెట్టుకోండి. 2021 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న టెలికాం చట్టం ప్రకారం, నెట్ పూర్తిగా పోయి రెండు రోజుల్లో బాగు చేయకపోతే పరిహారం అడగవచ్చు. మూడు, నాలుగు రోజులకు రోజుకు 5 యూరోలు లేదా నెల బిల్లులో 10 శాతం, ఐదో రోజు నుంచి 10 యూరోలు లేదా 20 శాతం, ఏది ఎక్కువైతే అది. చెప్పిన రోజున టెక్నీషియన్ రాకపోయినా 10 యూరోలు లేదా 20 శాతం లెక్కే. రోజుల లెక్క మీ ఫిర్యాదు అందిన దగ్గర్నుంచే మొదలవుతుంది కాబట్టి, లైటు రేపటికి వెలుగుతుందేమో అని ఎదురుచూడకుండా ఆ రోజే ఫోన్ చేయండి.