తెరమీది పుట – దాని కూర్పు

పూర్వము అచ్చాఫీసులో పుటను కూర్చువానికి కాగితము వెడల్పు ముందుగనే తెలియును. పంక్తి కొలత నిర్ణయించి, ఫారము బిగించి, ప్రూఫు దిద్దిన పిమ్మట అక్షరము కదలదు. వెబ్ పుటను కూర్చువానికి ఈ సౌకర్యము లేదు. వాని పుటను ఒకరు అరచేతిలోని ఫోనులో చూతురు, మరియొకరు బల్లమీది కంప్యూటరులో చూతురు. ఫోనును అడ్డముగా త్రిప్పినచో క్షణములో వెడల్పు మారును. చూపు మందగించినవారు అక్షరములను రెట్టింపు చేసికొందురు. వెడల్పు తెలియని కాగితముపై అచ్చు కూర్చుటయే ఈ విద్య. దీనిని వృత్తిగా గైకొన్నవానిని ఫ్రంట్-ఎండ్ డెవలపరు అందురు. పై తరగతుల విద్యార్థులును వారి తలిదండ్రులును ఈ ఉద్యోగమును గూర్చి మమ్ము తరచుగా అడుగుచున్నారు గనుక దీని స్వరూపమును కొంత వివరింతుము.

వెబ్ పుటలో విషయము ఒక చోటను, రూపము వేరొక చోటను వ్రాయబడును. శీర్షిక ఏది, పేరా ఏది, చిత్రమేది అని చెప్పునది హెచ్.టి.ఎం.ఎల్. అవి ఎచ్చట, ఎంత పరిమాణమున, ఏ రంగున నుండవలెనో చెప్పునది సి.ఎస్.ఎస్. ఈ రెండవదానిని 1994 అక్టోబరులో హోకన్ వియుం లీ అను నార్వే దేశస్థుడు ప్రతిపాదించెను. 1996 డిసెంబరులో మొదటి ప్రమాణము వెలువడెను. కాని పుటను నిలువు వరుసలుగా విభజించుటకు అందు తగిన సాధనము లేదు. అందుచే పనివారు అంకెల పట్టికలకై ఏర్పడిన టేబులును పుట కూర్పునకు వాడిరి. కంటికి కనబడని చిన్న బొమ్మలను నడుమ దూర్చి ఎడము నిలిపిరి. పిమ్మట, చిత్రము ప్రక్కగా వాక్యములు సాగుటకై పుట్టిన ఫ్లోట్ అను సాధనముతో వరుసలు కట్టిరి. ఒక వరుస కొంచెము వెడల్పయినచో ప్రక్కది జారి క్రింద పడెడిది. గొడ్డలితో పెన్సిలు చెక్కినట్లుండెడిది ఆ పని.

ఫోనులు వ్యాపించిన తరువాత 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అను అమెరికా దేశస్థుడు ఒక వ్యాసము వ్రాసెను. వరుసలను నిష్పత్తులలో చెప్పుట, చిత్రములను చోటునుబట్టి కుదించుట, తెర వెడల్పునుబట్టి నియమములను మార్చుట, ఈ మూటిని కలిపి దానికి రెస్పాన్సివ్ అని పేరు పెట్టెను. అటుపిమ్మట వచ్చినవే నేటి ముఖ్య సాధనములు. ఫ్లెక్స్‌బాక్స్ అనునది వస్తువులను ఒక దిశగా పేర్చి మిగిలిన చోటును వానికి పంచును. గ్రిడ్ అనునది అడ్డు నిలువులు రెండింటిని ఒక్కసారి ఏర్పరచును. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడును గ్రిడ్‌ను అంగీకరించినవి.

మన పాలకొల్లు, నరసాపురము ప్రాంతముల లేసుపని మీలో చాలమంది ఇండ్లలో చూచినదే. 19వ శతాబ్దిలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ విద్యకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అందు ఒకరు పూవులు అల్లుదురు, వేరొకరు వానిని అతికి బల్లగుడ్డ చేయుదురు. అతుకుపని చేయు అమ్మను అడుగుడు: ఒక పూవు కొలత మించినచో గుడ్డ అంతయు ఉబ్బునని చెప్పును. గ్రిడ్ గుణమును ఇంతకంటె బాగుగా చెప్పజాలము.

ఎట్లనగా, పుటను మూడు సమభాగములు చేయుమని గ్రిడ్‌నకు చెప్పితిమనుకొనుడు. అది మిగిలిన చోటును పంచును. అయితే ఏ భాగమును తనలోని అతి దీర్ఘమైన పదముకంటె సన్నము కానీయదు. ఆంగ్లములో ‘అప్లై’ అను ఐదక్షరముల మాట ఉన్నచోట మనము ‘విద్యార్థివేతనదరఖాస్తు’ అని వ్రాయుదుము. సమాసము చేయుట మన భాష గుణము. ఆ పదము ఫోను తెరలో ఇముడక తన వరుసను ఉబ్బించి, ప్రక్క వరుసను తెర వెలుపలికి త్రోయును. దీనికి విరుగుడు రెండు మాటలలో నున్నది: ఆ భాగమునకు కనీసపు వెడల్పు సున్నయని చెప్పుట, అవసరమైనచోట పదమును విరువవచ్చునని అనుమతించుట.

ఇది చిన్న విషయము కాదు. ఒక తండ్రి తన కుమార్తె విద్యార్థివేతనమునకై ఫోనులో దరఖాస్తు నింపి, ‘సమర్పించుము’ అను మీట కనబడక, పని పూర్తియైనదనుకొని ఊరకుండెను. మీట తెర కుడిప్రక్కన వెలుపల నుండెను. గడువు దాటిన పిమ్మట ఆయన మా యొద్దకు వచ్చెను. ఆ పుట ఆంగ్లములో చక్కగానే నిలిచినది; తెలుగులో చూచినవారు లేకపోయిరి.

మన లిపికి ఇతర చిక్కులును కలవు. ఆంగ్లాక్షరములకు చాలిన పంక్తి ఎడము మనకు చాలదు. గుడులు పైకి లేచును, వత్తులు క్రిందికి దిగును. పెట్టె ఎత్తును బిగించి, మించినది కనబడరాదని వ్రాసినచో ‘స్త్రీ’ అను మాటలో క్రావడి తెగును. ఆ ఒక్క అక్షరము యంత్రమునకు ఆరు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఇట్టి సంయుక్తాక్షరమును విడదీయక ఒకటిగా ఎంచవలెనను నియమము యూనికోడ్‌లో తెలుగునకు 2023లోగాని చేరలేదు. కావున తెలుగు చదువగల డెవలపరునకు చేయదగిన పని మిక్కుటముగా నున్నదని మా అభిప్రాయము.

ఇక జీవితము. మా పాఠశాలలో చదివి హైదరాబాదులో ఈ పని చేయుచున్న యువకుడొకడు సంక్రాంతి సెలవులలో వచ్చి చెప్పిన సంగతులివి. చిత్రకారుడు పుట నమూనాను రెండు వెడల్పులలో ఇచ్చును. నడుమ నుండు వెడల్పులన్నిటికి ఇతడే బాధ్యుడు. ఒక బ్రౌజరులో సరిగా నిలిచినది మరియొకదానిలో ఏల జారినదో వెదకుటలో పూటలు గడచును. విదేశములవారితో సంభాషణ రాత్రి భోజనమువేళకు పడును. మెడనొప్పి, కన్నుల మంట తప్పవు. మొదట నేర్చిన ఫ్లోట్ వరుసలు ఇప్పుడెవరును వ్రాయరు. తెరను గాక, భాగమున్న పెట్టె వెడల్పును చూచి మారు కంటెయినర్ క్వెరీలు 2023 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటికి వచ్చినవి, అవియు నేర్వవలసివచ్చెను. కృత్రిమ మేధ నేడు అడిగినంతనే పంక్తులు వ్రాసి ఇచ్చుచున్నది. అది ఇచ్చినది పలు తెరలపై నిలుచునో లేదో పరికింప నేర్వనివానికి ఈ ఉద్యోగము నిలువదని అతడే చెప్పెను.

తలిదండ్రులకొక మనవి. ఆరు వారములలో ఉద్యోగమని గోడలపై వ్రాయువారి మాట నమ్మి అప్పుచేసి ఫీజు కట్టకుడు. ఈ విద్యకు కావలసిన బ్రౌజరు ఉచితము, వ్రాయు సాధనము ఉచితము, ఎం.డి.ఎన్. అను పాఠసంపుటియు ఉచితము. అది ఆంగ్లములో నున్నది గనుక ఆంగ్లపాఠమును అశ్రద్ధ చేయరాదు.

విద్యార్థులు చేయదగిన అభ్యాసమిది. మీ తరగతి కాలపట్టికను పుటగా కూర్పుడు, రోజుకొక పెట్టె చొప్పున ఆరు పెట్టెలు. ఒక్కొక్క పెట్టె పదునైదు అక్షరములకంటె సన్నము కారాదనియు, చోటున్నన్ని ప్రక్కప్రక్కనను, మిగిలినవి క్రిందను ఉండవలెననియు గ్రిడ్‌నకు ఒక్క పంక్తిలో చెప్పవచ్చును. ఫైర్‌ఫాక్స్‌లోని గ్రిడ్ ఇన్‌స్పెక్టరు అడ్డు నిలువు గీతలను గీచి చూపును. పిమ్మట కిటికీని మెల్లగా కుదింపుడు. ప్రక్కప్రక్కన నుండు పెట్టెలు ఆరు ఐదగును, ఐదు నాలుగగును, అట్లే తగ్గి తుదకు ఒకటియగును. అప్పుడు ‘సాంఘికశాస్త్రము’ అని యున్న చోట ‘సాంఘికశాస్త్రపునశ్చరణపరీక్ష’ అని వ్రాసి, మరల కుదించి, ఏ పెట్టెలోని మాట వెలుపలికి పొడుచుకొనివచ్చినదో గుర్తింపుడు. దానిని సరిచేసిన పుటను శనివారము కంప్యూటరు గదికి తెచ్చినచో, ఇంటినుండి తెచ్చిన పాత ఫోనులలోనే దానిని తెరచి చూచెదము.